పిల్లల పళ్ళెంలో హలాల్‌తోపాటు తయ్యిబ్ కూడా

 



మన ఇళ్ళల్లో ఒక మంచి అలవాటు ఉంది. పిల్లవాడు ఏదైనా తినుబండారం పట్టుకొని ఇంట్లోకి వస్తే, అది హలాలేనా అని తల్లి అడుగుతుంది. మాంసం ఎవరు జిబహ్ చేశారో, కేకులో ఏం కలిపారో, జెల్లీ మిఠాయిలో ఏముందో విచారిస్తుంది. ఈ జాగ్రత్త విశ్వాసంలోనుంచి పుట్టినదే. అల్లాహ్ దీన్ని మన ఇళ్ళల్లో కలకాలం నిలిపి ఉంచుగాక! అయితే దివ్య ఖుర్ఆన్ మనకు నేర్పిన ప్రశ్నలో ఇది సగమే. మిగతా సగం మన ఇళ్ళల్లో, మన మస్జిదుల్లో చాలా అరుదుగా వినపడుతోంది.

బఖరా సూరాలో (2:168) అల్లాహ్ విశ్వాసులనే గాక యావత్తు మానవజాతిని సంబోధించాడు. భూమిలో ఉన్న వాటిలో ధర్మసమ్మతమైనవీ, పరిశుద్ధమైనవీ తినమని ఆదేశించాడు. అక్కడ రెండు పదాలు పక్కపక్కనే ఉన్నాయి. ఒకటి హలాల్, రెండవది తయ్యిబ్. మాయిదా సూరాలోనూ (5:88), నహ్ల్ సూరాలోనూ (16:114) ఈ రెండు పదాలు మళ్ళీ జంటగానే వచ్చాయి. ప్రఖ్యాత వ్యాఖ్యాత ఇబ్నె కసీర్ (రహ్మ) బఖరా సూరాలోని ఈ వాక్యాన్ని వివరిస్తూ, తయ్యిబ్ అంటే స్వతహాగా మంచిదై, మనిషి శరీరానికీ బుద్ధికీ హాని చేయనిది అని రాశారు. అంటే ధర్మం అనుమతించిందా అన్నది మొదటి ప్రశ్న. ఒంటికి మేలు చేస్తుందా అన్నది రెండవ ప్రశ్న. ఈ రెండు ప్రశ్నలూ మన పిల్లల పళ్ళెం దగ్గర వినిపించాలి.

కడుపు నిండింది, ఒళ్ళు నిండలేదు

మన పట్టణాల్లో బీద ముస్లిములు నివసించే ఏ బస్తీకైనా పొద్దున్నే వెళ్ళి చూడండి. తండ్రి ఫజ్ర్ తర్వాత ఆటో తీసుకొని వెళ్ళిపోయాడు, లేదా హమాలీ పనికో వెల్డింగు షాపుకో బయలుదేరాడు. తల్లి ఇళ్ళల్లో పనికి వెళ్ళే తొందరలో ఉంది, లేదా కుట్టుమిషను ముందు కూర్చుంది. పిల్లవాడు గ్లాసెడు టీలో రెండు రస్కులు ముంచుకొని తిని బడికి పోయాడు. ఇంటర్వెల్లో అయిదు రూపాయల చిప్సు పాకెట్టు. మధ్యాహ్నం అన్నం, నీళ్ళలాంటి పప్పు. సాయంత్రం మక్తబ్‌కు వచ్చే దారిలో ఇంకో పాకెట్టు, రంగునీళ్ళ సీసా. రాత్రి రొట్టె, ఆలుగడ్డ కూర. లెక్కకు అయిదుసార్లు తిన్నాడు. వీటిలో ఏదీ హరాం కాదు. కాని ఆ రోజంతా ఒక గుడ్డు, ఒక పండు, ఒక పిడికెడు ఆకుకూర అతని నోట్లోకి పోలేదు.

ఇలాంటి రోజులు ఏళ్ళ తరబడి సాగితే ఏమవుతుందో ప్రభుత్వ లెక్కలే చెబుతున్నాయి. 2019-21లో జరిగిన అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, తెలంగాణలో ఆరు నెలలనుంచి అయిదేళ్ళలోపు పిల్లల్లో నూటికి 70 మందికి రక్తహీనత ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 63 మందికి ఉంది. అయిదేళ్ళలోపు పిల్లల్లో వయసుకు తగిన ఎత్తు పెరగనివారు తెలంగాణలో నూటికి 33 మంది, ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 31 మంది. ఇవి అన్ని మతాల, అన్ని వర్గాల పిల్లలను కలిపి తీసిన లెక్కలు. కూలిపనితో బతికే ఇళ్ళల్లో పరిస్థితి ఇంతకన్నా మెరుగ్గా ఉంటుందని ఎవరనగలరు?

రక్తహీనత పైకి గాయంలా కనపడదు. పిల్లవాడు త్వరగా అలసిపోతాడు, ముఖం పాలిపోతుంది, చదువుమీద మనసు నిలవదు. మక్తబ్‌లో సబఖ్ అప్పజెప్పలేని పిల్లవాడికి మొద్దు అని పేరు పడుతుంది. కొన్నిచోట్ల బెత్తం దెబ్బ కూడా పడుతుంది. ఆ పిల్లవాడు పొద్దున ఏం తిని వచ్చాడు అన్న ప్రశ్న మాత్రం ఎవరి నోటా రాదు. ఖుర్ఆన్‌ను గుండెలో దాచుకోవలసిన పిల్లవాడి రక్తంలో బలమే లేకపోతే, ఆ లోపం అతని బుద్ధిదా, మనందరిదా?

నింద ఎవరిమీద వేయాలి?

ఇలాంటి సందర్భాల్లో అందరి వేలూ తల్లివైపే చూపిస్తుంది. ఆమెకు చదువు లేదు, వండే ఓపిక లేదు, చేతిలో అయిదు రూపాయలు పెట్టి పిల్లవాణ్ణి వదిలించుకుంటుంది అని తేలిగ్గా అనేస్తారు. ఈ మాట అనేముందు ఒక సంఘటనను గుర్తుచేసుకుందాం.

ఒక పేదరాలు తన ఇద్దరు కూతుళ్ళను వెంటబెట్టుకొని హజ్రత్ ఆయిషా (రజి) వద్దకు వచ్చింది. ఆయిషా (రజి) ఆమెకు మూడు ఖర్జూరాలు ఇచ్చారు. ఆ తల్లి ఇద్దరు బిడ్డలకూ చెరొకటి ఇచ్చి, మూడవది తాను తిందామని నోటిదాకా తీసుకెళ్ళింది. ఇంతలో పిల్లలు అది కూడా కావాలన్నారు. ఆమె ఆ ఖర్జూరాన్ని రెండుగా చీల్చి ఇద్దరికీ పంచేసింది. ఈ సంగతి విన్న దైవప్రవక్త (సఅసం), ఆ ఒక్క పనికే అల్లాహ్ ఆమెకు స్వర్గాన్ని అనివార్యం చేశాడని శుభవార్త ఇచ్చారు. ఈ హదీసు సహీహ్ ముస్లింలో ఉంది.

మన బస్తీల్లో ఇలాంటి తల్లులు వేలమంది ఉన్నారు. అందరికీ పెట్టి, గిన్నె అడుగున మిగిలింది తిని, మిగలకపోతే టీ తాగి పడుకుంటారు. అందుకే తెలంగాణలోనూ, ఆంధ్రప్రదేశ్‌లోనూ 15నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో సగానికిపైగా రక్తహీనతతో ఉన్నారని అదే సర్వే తేల్చింది. రక్తం లేని తల్లి కడుపున పుట్టే బిడ్డకు పుట్టకముందే లోటు మొదలవుతుంది. తల్లి త్యాగానికి స్వర్గం ప్రతిఫలం కావచ్చు. కాని ఆ త్యాగం చేయవలసిన గతి ఆమెకు పట్టించినవారిని అల్లాహ్ ప్రశ్నించకుండా వదలడు.

మొదట ప్రశ్నించబడేది తండ్రి. బఖరా సూరాలో (2:233) పాలిచ్చే తల్లి తిండి, బట్ట బాధ్యతను అల్లాహ్ తండ్రిపై మోపాడు. తన పోషణలో ఉన్నవారిని ఆకలికి వదిలేయడం ఒక్కటే మనిషి పాపి కావడానికి చాలునని దైవప్రవక్త (సఅసం) హెచ్చరించారు. దైవమార్గంలో, బానిస విముక్తికి, పేదవాడికి, ఇంటివారికి ఖర్చుపెట్టే దీనార్లలో అత్యధిక పుణ్యం ఇంటివారిమీద పెట్టినదానికే అని కూడా బోధించారు. సోదరులారా! రోజుకు నాలుగు గుట్ఖా పొట్లాలు, అయిదారు సిగరెట్లు, హోటల్లో టీలు. ఈ ఖర్చు కూడి చూసుకోండి. అందులో ఇంటిల్లిపాదికీ రోజుకొక్కొక్క గుడ్డు రాదా? గుడ్డు కొనలేమన్న మాట నిజంగా కొనలేనివాడు అంటే అల్లాహ్ క్షమిస్తాడు. జేబులో గుట్ఖా పెట్టుకొని అంటే ఏమి జవాబు చెబుతాం?

ఏడ్చిన పసిబిడ్డ, మారిన శాసనం

ప్రశ్న తండ్రితో ఆగిపోదు. ఖలీఫా హజ్రత్ ఉమర్ బిన్ ఖత్తాబ్ (రజి) కాలంలో, పాలు మానిన పిల్లలకు ప్రభుత్వ ధనాగారంనుంచి భత్యం ఇచ్చేవారు. పాలు తాగే పిల్లలకు ఉండేది కాదు. ఒకసారి మదీనాలో ఒక వర్తక బిడారు బస చేసింది. ఖలీఫా హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి)ను వెంటబెట్టుకొని, రాత్రంతా ఆ బిడారుకు కాపలా కాశారు. ఒక పసిబిడ్డ ఆపకుండా ఏడుస్తుంటే వెళ్ళి బిడ్డను ఊరుకోబెట్టమని తల్లికి చెప్పారు. మళ్ళీ ఏడుపు, మళ్ళీ వెళ్ళారు. మూడోసారి వెళ్ళి గట్టిగా అడిగితే, తనతో మాట్లాడుతున్నది ఖలీఫా అని తెలియని ఆ తల్లి అసలు సంగతి చెప్పింది. పాలు మానితేనే ఉమర్ భత్యం ఇస్తాడు, అందుకే నెలలు నిండని బిడ్డచేత బలవంతంగా పాలు మాన్పిస్తున్నానంది.

ఆ ఉదయం ఫజ్ర్ నమాజులో ఖలీఫా వెక్కి వెక్కి ఏడుస్తుంటే వెనకున్నవారికి ఆయన పారాయణం అర్థం కాలేదని చరిత్రకారులు రాశారు. తన నిబంధనవల్ల ఎంతమంది బిడ్డలకు కీడు జరిగిందో అని ఆయన కుమిలిపోయారు. పిల్లలకు తొందరపడి పాలు మాన్పించవద్దని, ఇకనుంచి పుట్టిన ప్రతి బిడ్డకూ భత్యం అందుతుందని అదేరోజు చాటింపు వేయించారు, రాజ్యమంతటికీ రాసి పంపారు.

ఈ సంఘటనలో మనకు పాఠం ఉంది. ఖలీఫా ఆ తల్లిని అజ్ఞానురాలని తిట్టలేదు. ఆమెను ఆ పరిస్థితిలోకి నెట్టిందేమిటో చూశారు, దాన్ని మార్చారు. బీదవాడలోని బిడ్డ తిండి ఆ తల్లి ఒక్కదాని వ్యవహారం కాదు. తండ్రిది, ఇరుగుపొరుగుది, మస్జిదు కమిటీది, ప్రభుత్వానిది కూడా.

ఉన్నదానిలో తయ్యిబ్

తయ్యిబ్ అంటే ఖరీదైనది అని అర్థం కాదు. నెలల తరబడి దైవప్రవక్త (సఅసం) ఇంట్లో పొయ్యి వెలిగేది కాదని, ఖర్జూరాలు, నీళ్ళతోనే గడిచేదని హజ్రత్ ఆయిషా (రజి) చెప్పారు. ఆయన సొరకాయను ఇష్టంగా తినేవారు. దోసకాయను ఖర్జూరంతో కలిపి తినేవారు. బార్లీతో కాచే తల్బీనా అనే జావ రోగి మనసుకు సేదతీరుస్తుందని చెప్పేవారు. సొరకాయ, దోసకాయ, జావ: ఇవి ఏ బస్తీలో దొరకవు? అబస సూరాలో (80:24) అల్లాహ్ మనిషిని తన ఆహారంవైపు ఒకసారి చూడమంటాడు. ఆ తర్వాత ధాన్యాన్ని, ద్రాక్షను, కూరాకును, జైతూన్‌ను, ఖర్జూరాన్ని, పండ్లను ఒక్కొక్కటిగా లెక్కబెడతాడు. మన పిల్లల పళ్ళెంవైపు కూడా అలాగే చూద్దాం.

పుట్టిన బిడ్డకు ఆరు నెలలు నిండేవరకు తల్లిపాలు తప్ప నీళ్ళు కూడా అక్కరలేదని వైద్యులు చెబుతున్నారు. ఆ తర్వాత మెత్తగా నలిపిన ఖిచిడీ, పప్పన్నం, ఉడికిన గుడ్డు, అరటిపండు కొద్దికొద్దిగా మొదలుపెట్టి, తల్లిపాలు కొనసాగించాలి. పూర్తికాలం పాలివ్వదలచిన తల్లికి ఖుర్ఆన్ రెండేళ్ళు గడువు చెప్పింది. రెండేళ్ళలోపు పిల్లల ఆహారంలో చక్కెర కలపవద్దని, హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల్లో కూడా ఉంది. కాబట్టి పాలసీసాలో టీ పోసి తాగించే అలవాటును వెంటనే మానిపించాలి.

బడి వయసు పిల్లలకు పొద్దున టీ-రస్కు బదులు రాగిజావ ఇవ్వండి. నూరు గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. అంత కాల్షియం అదే తూకం పాలల్లో కూడా ఉండదు. లేదా మన హైదరాబాదీ ఇళ్ళల్లో తరతరాలుగా ఉన్న మసూర్‌పప్పు ఖిచిడీ వండండి. పక్కన ఒక గుడ్డు ఉంటే అదే సంపూర్ణమైన నాష్తా. మధ్యాహ్నం పప్పులో తోటకూరో, పాలకూరో, గోంగూరో వేయండి. మునగచెట్టు ఉన్న ఇంటివారు ఆకు అడిగితే కాదనరు. మాంసం కొనే రోజున కొద్దిగా కలేజీ తెచ్చుకుంటే రక్తం పట్టడానికి ఎంతో మేలు. అన్నంమీద నిమ్మకాయ పిండితే, ఆకుకూరలోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. అన్నం తిన్న వెంటనే టీ తాగితే ఆ ఇనుము ఒంటికి సరిగా పట్టదు. తిండికీ టీకీ మధ్య ఒక గంట ఎడం ఉండాలి. పిల్లలకైతే టీ అసలే వద్దు.

ఇక పాకెట్టు సంగతి. చిప్సు తినడం హరాం అని మేము ఫత్వా ఇవ్వడం లేదు. ఎప్పుడో పండగకు ఒకటి తింటే తప్పులేదు. కాని రోజుకు రెండు పాకెట్లంటే పది రూపాయలు, నెలకు మూడు వందలు. దానితో వచ్చేది ఉప్పు, నూనె, పిండి మాత్రమే. అదే డబ్బుతో పుట్నాలు, పల్లీలు, బెల్లం, జామకాయలు, కొన్ని గుడ్లు వస్తాయి. జామకాయలో సి విటమిన్ నారింజలోకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. అయిదేళ్ళలోపు పిల్లలకు పల్లీలు, పుట్నాలు గొంతుకు అడ్డం పడకుండా పొడిచేసి ఇవ్వండి.

పిల్లవాడు ఇంటి తిండి తినడంలేదని తల్లులు వాపోతుంటారు. దీనికి కూడా ప్రవక్త జీవితంలో మార్గం ఉంది. ఉమర్ బిన్ అబీ సలమా (రజి) చిన్నతనంలో దైవప్రవక్త (సఅసం) సంరక్షణలో పెరిగారు. తినేటప్పుడు ఆ బాలుడి చేయి పళ్ళెం అంతా తిరుగుతుండేది. ఆయన కసరలేదు. బిస్మిల్లాహ్ అని, కుడిచేత్తో, తన ముందున్నది తినమని ప్రేమగా నేర్పారు. ఆ పద్ధతి తనకు జీవితాంతం నిలిచిపోయిందని ఆ సహాబీ తర్వాత చెప్పుకున్నారు. ఆ ఒక్క పళ్ళెంలో ప్రవక్త, బాలుడు కలిసి తింటున్నారు. రోజుకు ఒక్కపూటైనా దస్తర్ఖాన్ పరచి, తండ్రి పిల్లలతో కలిసి ఆకుకూర తినాలి. తండ్రి పక్కకు నెట్టిన కూరను కొడుకు ఎందుకు తింటాడు?

చేతులు కడగడం కూడా ఈ తిండిలో భాగమే. మురికిచేతులవల్ల విరేచనాలు పట్టుకుంటే తిన్నదంతా వృథా. కడుపులో నులిపురుగులుంటే రక్తం పట్టదు. ప్రభుత్వం ఏటా ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న బడుల్లో, అంగన్‌వాడీల్లో నులిపురుగుల మాత్ర ఉచితంగా వేయిస్తోంది. ఆ రోజు పిల్లలను బడి మాన్పించవద్దు.

మన హక్కును మనం వదులుకోవద్దు

ఆరు నెలలనుంచి ఆరేళ్ళ వరకు పిల్లలకు, గర్భిణులకు, బాలింతలకు అంగన్‌వాడీలో పోషకాహారం పొందే హక్కు ఉంది. తెలంగాణలో 2015లో ప్రారంభమైన ఆరోగ్యలక్ష్మి పథకం గర్భిణులకు, బాలింతలకు ఒక పూట పూర్తి భోజనం అందించడానికి పెట్టినదే. సర్కారు బడుల్లో వండిన మధ్యాహ్న భోజనం పెట్టాలని సుప్రీంకోర్టు 2001లో ఆదేశించింది. 2013నాటి జాతీయ ఆహార భద్రతా చట్టం దాన్ని పిల్లల హక్కుగా మార్చింది. కొందరు ఆత్మాభిమానంతోనో, సమాచారం లేకనో పేరు నమోదు చేయించుకోవడంలేదు. ఇది ఎవరో వేసే భిక్ష కాదు, ప్రజల ధనంలో ఆ పిల్లలకున్న వాటా. అంగన్‌వాడీకి వెళితే బిడ్డను తూచి, బరువు సరిగా ఉందో లేదో చార్టులో రాస్తారు. దండచేయి చుట్టుకొలత 11.5 సెంటీమీటర్లకన్నా తక్కువగా ఉంటే ఆ బిడ్డ ప్రమాదంలో ఉన్నట్టు. వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి.

అయితే మన బస్తీల పిల్లలు చాలామంది తక్కువ ఫీజుల ప్రైవేటు బడుల్లో చదువుతున్నారు. అక్కడ మధ్యాహ్న భోజన పథకం వర్తించదు. అందువల్ల ఆ పిల్లల టిఫిన్ డబ్బాపై ఎక్కువ శ్రద్ధ పెట్టాలి. కొవ్వు, చక్కెర, ఉప్పు ఎక్కువగా ఉన్న తినుబండారాలను బడిలోనూ, బడి గేటుకు 50 మీటర్లలోపూ అమ్మకూడదని 2020లో కేంద్ర ఆహార భద్రతా సంస్థ నిబంధన పెట్టింది. ఆ సంగతిని బడి యాజమాన్యానికి గుర్తుచేసే హక్కు తల్లిదండ్రులకుంది.

మస్జిదు, మొహల్లా ఏం చేయాలి?

మాఊన్ సూరాలో అల్లాహ్ ధర్మాన్ని తిరస్కరించేవాడి లక్షణం చెబుతూ, అతను పేదవాడికి అన్నం పెట్టమని ప్రోత్సహించడన్నాడు. గమనించండి. పెట్టకపోవడం మాత్రమే కాదు, పెట్టమని ఇతరులకు చెప్పకపోవడం కూడా అక్కడ నేరమే. చేతిలో చిల్లిగవ్వ లేనివాడు కూడా నోరు తెరచి చెప్పగలడు.

పెట్టేవారు ఎలాంటిది పెట్టాలి? ప్రమాణభంగానికి పరిహారంగా పదిమంది పేదలకు అన్నం పెట్టమన్న మాయిదా సూరా వాక్యంలో (5:89) అల్లాహ్ ఒక కొలత ఇచ్చాడు. మీ సొంత ఇంటివారికి మీరు పెట్టే మధ్యస్థమైన భోజనమే ఆ కొలత. మనకు ఎవరైనా ఇస్తే కళ్ళు మూసుకుంటే తప్ప తీసుకోలేని నాసిరకాన్ని దానం చేయవద్దని బఖరా సూరాలో (2:267) హెచ్చరించాడు. ఇప్పుడు మన పెళ్ళిళ్ళను చూడండి. అర్ధరాత్రి దాటాక మిగిలిన బిర్యానీని, పొద్దున్నే పులిసిపోయే వేళకు బస్తీ పిల్లలకు పంచి పుణ్యం వచ్చిందనుకుంటాం. అదే అన్నాన్ని మన బిడ్డకు పెడతామా? ఈ ఒక్క ప్రశ్న వేసుకుంటే చాలు.

చేయదగిన పనులు కొన్ని విన్నవిస్తున్నాము.

మక్తబ్‌లో బాగా చదివిన పిల్లలకు చాక్లెట్లు బహుమతిగా ఇచ్చే ఆనవాయితీ ఉంది. దాని బదులు వారానికి రెండు రోజులు ప్రతి పిల్లవాడికీ ఉడికిన గుడ్డు, మిగతా రోజుల్లో జామకాయో అరటిపండో ఇవ్వండి. మొదటి మార్కు వచ్చినవాడికే కాదు, అందరికీ ఇవ్వండి. నలుగురు వ్యాపారులు కలిస్తే ఒక మక్తబ్ ఖర్చు భారం కాదు.

రమజానులో మస్జిదు ఇఫ్తారులో మిరపకాయ బజ్జీలు, పకోడీలు, రంగు షర్బత్ తగ్గించి ఖర్జూరం, పండు, ఉడికించిన శనగలు, నిమ్మరసం పెట్టండి. బీద పిల్లల్లో చాలామందికి ఏడాదిలో పండ్లు కడుపునిండా దొరికేది ఆ నెలలోనే.

జకాత్ విషయంలో ఒక జాగ్రత్త అవసరం. హనఫీ ఫిఖహ్ ప్రకారం జకాత్ సొమ్ము అర్హుడి యాజమాన్యంలోకి చేరాలి. అందరినీ కూర్చోబెట్టి వడ్డించే భోజనంతో ఆ షరతు నెరవేరదు. కాబట్టి జకాత్ సొమ్ముతో అర్హమైన కుటుంబానికి రేషను కొని వారి చేతికే ఇవ్వండి. ఆ సంచిలో బియ్యం, నూనె, చక్కెరతోపాటు కందిపప్పు, పల్లీలు, రాగిపిండి, గుడ్ల ట్రే కూడా ఉండాలి. గుడ్డు పంచడం, భోజనం పెట్టడం వంటి సామూహిక కార్యక్రమాలకు నఫిల్ సదఖా వాడండి.

మన మొహల్లాలో కిరాణా కొట్టు నడిపే సోదరులకు ఒక మనవి. గల్లా పక్కన పిల్లల చేతికందే ఎత్తులో పాకెట్ల దండలు వేలాడుతుంటాయి. ఆ స్థానంలో పుట్నాలు, పల్లీపట్టీలు, అరటిపండ్లు పెట్టండి. లాభం కాస్త తగ్గవచ్చు. రిజ్క్‌లో బర్కత్ ఇచ్చేది అల్లాహ్.

పొరుగింటి హక్కుకు మతం అడ్డు కాదు. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (రజి) ఇంట్లో మేకను కోస్తే, మన యూద పొరుగింటికి పంపారా అని ఆయన మళ్ళీ మళ్ళీ అడిగారు. కూర వండితే నీళ్ళు కాస్త ఎక్కువ పోసి పొరుగువారికి పంచమని హజ్రత్ అబూజర్ (రజి)కు దైవప్రవక్త (సఅసం) ఉపదేశించారు. ఆ గోడకు అవతల ఉన్న పిల్లవాడు మన బడివాడా, మన మతంవాడా అని చూడవద్దు. ఆకలిగా ఉన్నాడా అనేదే చూడండి.

నసీబు మీదికి నెట్టవద్దు

రిజ్క్ అల్లాహ్ చేతిలో ఉంది, ఎవరి నసీబు వారిది అని కొందరంటారు. రిజ్క్ అల్లాహ్ చేతిలోనే ఉంది, అందులో సందేహం లేదు. కాని ఒంటెను కట్టేసి అల్లాహ్‌పై భారం వేయమన్నది ప్రవక్త బోధన. పేదవాడి రిజ్క్‌లో కొంత భాగాన్ని అల్లాహ్ ధనికుడి సంచిలో ఉంచాడు. దాన్ని చేరవేయడం ధనికుడికి పెట్టిన పరీక్ష. మేము కూడా ఇదే తిని పెరిగాం అని ఇంకొందరంటారు. పెరిగినవారు మాట్లాడుతున్నారు. పెరగలేకపోయినవారు మాట్లాడటానికి మన మధ్య లేరు.

సహీహ్ ముస్లింలో ఒక హదీసె ఖుద్సీ ఉంది. ప్రళయదినాన అల్లాహ్ తన దాసుణ్ణి, నేను అన్నం అడిగితే నువ్వు పెట్టలేదని నిలదీస్తాడు. దాసుడు నివ్వెరపోయి, సర్వలోకాల ప్రభువైన నీకు నేను అన్నం పెట్టడమేమిటని అడుగుతాడు. ఫలానా నా దాసుడు నిన్ను అన్నం అడిగాడు, నువ్వు పెట్టలేదు, పెట్టి ఉంటే దాన్ని ఈరోజు నా వద్ద పొందేవాడివి అని అల్లాహ్ జవాబిస్తాడు. పెద్దవాడు ఆకలేస్తే నోరు తెరచి అడుగుతాడు. మన గల్లీలోని చిన్నవాడికి తన ఒంట్లో ఏమి కొరవడిందో తెలియదు. అయిదు రూపాయల పాకెట్టు మాత్రమే అడుగుతాడు. అతను అడగలేకపోయినదాన్ని మనమే తెలుసుకొని పెట్టాలి.

ఓ అల్లాహ్! మా పిల్లలకు హలాలైన, తయ్యిబైన ఆహారాన్ని ప్రసాదించు. అలసిన తల్లుల చేతుల్లో బర్కత్ నింపు. తండ్రులకు తమ బాధ్యత నెరవేర్చే శక్తినివ్వు. కలిగినవారి హృదయాలను లేనివారి పిల్లలవైపు మళ్ళించు. మా మస్జిదులను ఆరాధనకూ, ఆకలి తీర్చడానికీ నెలవులుగా చేయి. ఆమీన్.